మజిలీ మూతబడే వేళ

గత నవంబరులో ఒక సోమవారం ఉదయం నేను కొంచెం కుంటుతూ తరగతి గదిలోనికి ప్రవేశించాను. కుర్చీలో కూర్చొనడానికి సైతం ఒకింత ఇబ్బంది పడుతున్న సంగతి విద్యార్థుల దృష్టిని దాటిపోలేదు. కారణమడిగారు. ముందురోజు తెల్లవారుజామున బయలుదేరి, రాత్రి కాకముందే 200 కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చానని చెప్పాను. తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ వెంటనే ప్రశ్నలు మొదలైనాయి. "ఎవరితో పందెం సార్?" "మీకెన్నో స్థానం వచ్చింది సార్?" "గెలిచినవారికి ఎంత ఇస్తారు సార్?"

పందెం లేదు, స్థానాలు లేవు, బహుమానం అసలే లేదు. పతకం కావాలంటే ఎవరి పతకం వారే సొమ్ము చెల్లించి తెప్పించుకోవాలి అని నేను బదులు చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగిన తరువాత వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "మరి ఎందుకు సార్?" అని అడిగాడు. అతడు ప్రతిరోజు 14 కిలోమీటర్ల దూరంలోని పల్లెనుండి సైకిల్ మీద కళాశాలకు వచ్చేవాడు. వారానికి ఆరు రోజులు, రానుపోను లెక్కవేస్తే 168 కిలోమీటర్లు. అనగా నేను ఒక్క ఆదివారం చేసి గొప్పగా చెప్పుకొన్న పనిని అతడు ఇంచుమించుగా ప్రతివారం చేస్తూ ఎవరికీ చెప్పుకొనడంలేదు. అట్టివాడు అడిగిన ప్రశ్నకు వట్టి మాటలతో సమాధానం చెప్పరాదు. ఇంతలో గంట మ్రోగింది, నేను బయటపడ్డాను. ఆనాడు చెప్పలేకపోయినదానిని ఇప్పుడు ఈ పుటలలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ముందుగా ఈ యాత్రల స్వరూపమేమిటో తెలుసుకొనాలి. వీటిని 'బ్రెవె' అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు యోగ్యతాపత్రమని అర్థం. ఇందులో పాల్గొనేవారిని 'రాండొనర్' అంటారు. సంచారి అని మనం అనువదించుకొనవచ్చు. నిర్ణీతమైన ఒక మార్గం, నిర్ణీతమైన ఒక గడువు, చేతిలో ఒక అట్టకార్డు. ఇవే ఈ యాత్రకు మూలాధారాలు. మార్గమధ్యంలో కొన్ని చోట్ల ఆగి, ఆ కార్డుమీద వేళ వేయించుకొని ముద్రగాని సంతకంగాని తీసుకొనాలి. ఆ స్థలాలను 'కంట్రోలు' అని పిలుస్తారు.

నాకు ఆ మాటకంటె మన 'మజిలీ' అన్నది చక్కగా అమరుతుందనిపిస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీ మజిలీ కథల మూలంగా ఈ పదం తెలుగు పాఠకులందరికీ పరిచితమే. దీనికి మూలం 'మంజిల్' అని మన ఉర్దూ శాఖలోని మిత్రులొకరు చెప్పగా విని సంతోషించాను. ఉర్దూలో ఆ మాట నడుమ ఆగే చోటునూ చెబుతుంది, చివరకు చేరే గమ్యాన్నీ చెబుతుంది. తెలుగులోనికి వచ్చేటప్పటికి గమ్యం జారిపోయి నడుమ ఆగే చోటు మాత్రం మిగిలింది. కాశీకి పోవువారికి నడుమ మజిలీలే కథలన్నిటికీ ఆధారమైనట్లు, ఈ సైకిల్ యాత్రలో కూడా కథ అంతా మజిలీల దగ్గరే జరుగుతుంది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అది ముందు చెబుతాను.

ఈ సంప్రదాయానికి పుట్టినిల్లు ఫ్రాన్సు దేశం. 1891వ సంవత్సరంలో 'లె పెతి జూర్నల్' అనే పత్రికకు సంపాదకుడైన పియర్ జిఫార్ అనే ఆయన, పారిస్ నగరంనుండి పశ్చిమ సముద్రతీరాన ఉన్న బ్రెస్టు పట్టణం వరకు వెళ్ళి తిరిగి పారిస్ చేరే సైకిల్ పరీక్షను ఏర్పాటు చేశాడు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. సైకిల్ వినోదవస్తువా, లేక నిత్యజీవితంలో పనికివచ్చే వాహనమా అన్నది ఆనాటి ప్రశ్న. అందుచేత తినే తిండి, కట్టే బట్ట రౌతే మోసుకొనాలని, బయలుదేరిన సైకిల్ మీదనే తిరిగి రావాలని నియమం పెట్టాడు. రెండువందలమందికి పైగా బయలుదేరగా అందులో సుమారు సగంమంది మాత్రమే తిరిగి పారిస్ చేరారు. అందరికంటె ముందు చేరినవాడు షార్ల్ తెరోన్. అతనికి 71 గంటల 22 నిమిషాలు పట్టింది.

తెరోన్ విజయానికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది అతని సైకిలుకు ఉన్న గాలి టైర్లు. అప్పటికి గాలి టైరు పుట్టి మూడేళ్ళే అయింది. అనేకులు గట్టి రబ్బరు టైర్లమీదనే వచ్చారు. తెరోన్‌ది మిషెలిన్ టైరు, అతనికి గట్టి పోటీ ఇచ్చిన జీల్-లావాల్‌ది డన్‌లప్ టైరు. పంక్చరు పడితే బాగుచేసుకొనడానికి గంటసేపు పట్టినా, గతుకుల దారిలో గాలి టైరే నెగ్గింది. ఇక రెండవ కారణం నిద్ర. మూడవ రాత్రి జీల్-లావాల్ నిద్రించుచుండగా తెరోన్ అతనిని దాటిపోయాడు. నూట ముప్పై ఏళ్ళ క్రిందటి ఆ రాత్రి ఎవరు వేగంగా తొక్కారన్నదానికంటె ఎవరు ఎంతసేపు ఆగారన్నదే ఫలితాన్ని నిర్ణయించింది.

ఆ యాత్ర మొదట్లో పదేళ్ళకొకసారి జరిగేది. 1901లో మోరిస్ గారాఁ 52 గంటల 11 నిమిషాలలో ముగించాడు. రెండేళ్ళ తరువాత మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ గెలిచినవాడు కూడా ఆయనే. వృత్తి క్రీడాకారుల పందెంగా అది 1951తో ముగిసిపోయింది. కాని 1931నుండి సామాన్యులకొరకు ప్రత్యేకంగా నడచిన యాత్ర మాత్రం నిలిచింది. 1975నుండి నాలుగేళ్ళకొకసారి జరుగుతున్నది. సామాన్యులకు ఇచ్చే గరిష్ఠమైన గడువు 90 గంటలు. అనగా మూడు పగళ్ళు, మూడు రాత్రులు, ఆపైన మరి పద్దెనిమిది గంటలు. చక్రం ఆకారంలో చేసి మధ్య క్రీము నింపే 'పారిస్-బ్రెస్టు' అనే మిఠాయి ఒకటి ఫ్రాన్సులో ఉన్నది. 1910లో ఒక మిఠాయి దుకాణదారు ఈ యాత్ర గౌరవార్థం దానిని కల్పించాడు. సైకిల్ యాత్ర పేరు తెలియనివారికి కూడా ఆ మిఠాయి పేరు తెలుసునట! కీర్తి ఏ మార్గాన వస్తుందో చెప్పలేము.

మరొక పాయ ఇటలీనుండి వచ్చింది. 1897లో పన్నెండుమంది సైక్లిస్టులు రోమ్‌నుండి నేపుల్స్‌వరకు 230 కిలోమీటర్ల దూరాన్ని ఒక్క పగటిలో దాటారు. వారికి 'ఆడాక్స్' అనే పేరు వచ్చింది. లాటిన్ భాషలో ఆ మాటకు సాహసి అని అర్థం. 1904లో పారిస్‌లో ఆడాక్స్ సంఘం ఏర్పడింది. మొదట్లో అందరూ నాయకుని వెంట ఒకే వేగంతో గుంపుగా నడవాలని నియమముండేది. 1921నుండి పారిస్ సంఘం ఆ నియమాన్ని విడిచి, ఎవరి వేగం వారిదే, గడువు మాత్రం అందరిదీ ఒకటే అనే పద్ధతిని స్వీకరించింది. నేడు ప్రపంచమంతటా జరిగే బ్రెవెలకు ప్రమాణం ఇదే. మన దేశంలో ఇవి 2010 తరువాత విస్తరించాయి. ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో హైదరాబాదు మొదలైన అనేక నగరాలనుండి ఏటా జరుగుతున్నాయి.

ఇక గడువుల సంగతి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. ఈ నాలుగు యాత్రలనూ ఒకే సంవత్సరంలో, అనగా నవంబరునుండి మరుసటి అక్టోబరులోపల, పూర్తిచేసినవారిని 'సూపర్ రాండొనర్' అని గౌరవిస్తారు. వేగం లెక్కవేస్తే గంటకు సగటున 15 కిలోమీటర్లు. ఈ అంకెను చూచినవారు చప్పరించివేస్తారు. పాలక్యాను తగిలించుకొని వచ్చేవాడు కూడా అంతకంటె వేగంగానే వస్తాడు కదా అంటారు. నేను కూడా అలాగే అనుకొన్నాను. ఆ పదిహేనులో ఉన్న మెలిక ఏమిటంటే, అది తొక్కే వేగం కాదు, గడియారం వేగం. మనం టీ త్రాగుతున్నప్పుడు, చెట్టుక్రింద నడుము వాల్చినప్పుడు, మిత్రునికొరకు ఎదురుచూస్తున్నప్పుడు కూడా గడియారం గంటకు పదిహేను కిలోమీటర్లచొప్పున ముందుకు పోతూనే ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడు 200 కిలోమీటర్లను పది గంటలలో దాటుతాడు. తిండికి, విశ్రాంతికి, పంక్చర్లకు కలిపి అతనికి మూడున్నర గంటలు మిగులుతాయి. 18 కిలోమీటర్లవాడికి రెండు గంటల ఇరవై మూడు నిమిషాలే మిగులుతాయి. 16 కిలోమీటర్లవాడికి సరిగా ఒక్క గంట. ఎదురుగాలి వీచిందా, ఇరవై తొక్కేవాడు పదహారుకు దిగిపోవడం ఎంతో సేపు పట్టదు. గాలి సంగతి మోటారు వాహనాలమీద తిరిగేవారికి తెలియదు. సైకిల్ ఎక్కినవానికి గాలి కంటికి కనబడని కొండవంటిది.

ప్రతి మజిలీకి తెరిచే వేళ, మూసే వేళ అని రెండు ఉంటాయి. మూసే వేళ దాటి వచ్చినవాని యాత్ర చెల్లదు. వింత ఏమిటంటే, తెరిచే వేళకు ముందు వచ్చినా చెల్లదు! 200 కిలోమీటర్లను 5 గంటల 53 నిమిషాలకంటె తక్కువలో ముగించినవాడు, ఎంతటి మొనగాడైనా, ముద్రకొరకు గడియారం చూస్తూ నిలబడవలసిందే. నాకా అదృష్టం ఈ జన్మలో పట్టదనుకొనండి. మజిలీలవద్ద తప్ప దారిలో ఇతరులనుండి సహాయం పొందరాదు. వెనుక కారులో సామాను తెప్పించుకొనరాదు. సైకిల్ చెడిపోతే తానే బాగుచేసుకొనాలి. చీకటిపడితే ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం వెలగాలి. వెలుతురు పడితే మెరిసే చొక్కా తొడగాలి.

ఈ నియమావళిలో ఒకటి చదివినప్పుడు నాకు చాలా ముచ్చట వేసింది. ఆలస్యంగా వచ్చినవాని కారణం న్యాయమైనదని తోస్తే నిర్వాహకుడు అతనిని ముందుకు సాగనీయవచ్చు. అట్టి న్యాయమైన కారణాలలో, రోడ్డు ప్రమాదంలో చిక్కుకొన్నవారికి సహాయపడడానికి ఆగడం ఒకటి. కాని అలసట, ఆకలి, అభ్యాసం చాలకపోవడం, సైకిలును సరిగా చూచుకొనకపోవడం మాత్రం కారణాలు కావు. ఎవరికొరకు ఆగావన్నదానిపైన ఆ తీర్పు ఆధారపడియున్నదని నాకు తోచింది.

శరీరాన్ని గూర్చి, సైకిలును గూర్చి రెండు మాటలు. మన ఊళ్ళలో చాలామంది రెండు పాదాలు నేలకు ఆనేటంత క్రిందికి సీటు దించుకొంటారు. అది కాలేజీకి రావడానికి చెల్లుతుంది గాని, నూరు కిలోమీటర్లు దాటేటప్పటికి మోకాళ్ళు మొరపెట్టుకొంటాయి. పెడలు అన్నిటికంటె దిగువన ఉన్నప్పుడు మోకాలు రవంత వంగియుండేటట్లు సీటు ఎత్తుకొనాలి. బరువైన గేరులో బలవంతంగా నొక్కడంకంటె, తేలిక గేరులో కాళ్ళను చురుకుగా త్రిప్పడం మేలు. మెత్తని వెడల్పు సీటు సుఖమనుకొనడం కూడా పొరబాటే. సుఖం సీటులోకంటె లాగుకు లోపల కుట్టిన మెత్తలో ఉన్నది. సోమవారం కుర్చీలో కూర్చొనలేకపోవడానికి నేను ఈ మెత్తవిషయంలో చేసిన పొదుపే కారణం.

శరీరంలో నిల్వయుండే గ్లైకోజెన్ తీవ్రమైన శ్రమకు సుమారు రెండు గంటలు మాత్రమే చాలుతుంది. అది అయిపోయినవానికి దీపంలో చమురు అయిపోయినట్లే ఉంటుంది. కాళ్ళు ఉంటాయి గాని కదలవు. కావున ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే త్రాగాలి. అరటిపండు, పల్లీపట్టి, నాలుగు ఇడ్లీలు, ఉప్పు వేసిన మజ్జిగ, ఇంతకుమించిన దివ్యాహారం లేదు. చెమటతో పోయే ఉప్పును తిరిగి చేర్చకపోతే పిక్కలు పట్టివేస్తాయి. పెద్ద భోజనం మాత్రం శత్రువు. ఈ మాట అనుభవంమీద చెబుతున్నాను.

ఆ అనుభవం డిసెంబరు నెలలోనిది. నవంబరులో 200 కిలోమీటర్లను పన్నెండు గంటల యాభై నిమిషాలలో ముగించిన ఉత్సాహంతో నేను 300కు పేరు ఇచ్చాను. హైదరాబాదునుండి నాగార్జునసాగరుకు వెళ్ళి తిరిగి రావడం. ఉదయం ఆరు గంటలకు బయలుదేరితే, రాత్రి రెండు గంటలవరకు గడువు. చలిగా ఉన్నది. ఇబ్రహీంపట్నం దాటేసరికి సూర్యుడు పైకి వచ్చాడు. ఆ తరువాత దారి పొడవునా పత్తిచేలు, గుండ్రాళ్ళ గుట్టలు, బత్తాయి తోటలు. కోతలు అయినవేళ కావడంచేత రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు. రోడ్డు మనది మాత్రమే కాదన్న సంగతి కారులోనివారికంటె సైకిల్ మీదివానికి ముందు తెలుస్తుంది. ఒకచోట వడ్లు కాళ్ళతో నెరపుతున్న ఒక ముసలమ్మ నన్ను ఆపి, "యాడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. సాగరుకు అన్నాను. "బస్సు లేదా?" అని జాలిపడింది. ఉన్నదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాగరు చేరేటప్పటికి మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. అది 150వ కిలోమీటరు మజిలీ. మూసే వేళ నాలుగు గంటలు. చేతిలో యాభై నిమిషాలు మిగులు! అంతటి ఐశ్వర్యం నాకు ఏనాడూ లేదు. జలాశయం ఎదుట నీడలో కూర్చొని, చెప్పులు విడిచి, చేపల పులుసుతో తృప్తిగా భోజనం చేశాను. తోటివారితో లోకాభిరామాయణం. లేచేసరికి నాలుగు గంటల ఐదు నిమిషాలు. యాభై నిమిషాల ఐశ్వర్యం పోయి, ఐదు నిమిషాల అప్పు మిగిలిందని అప్పుడు గమనించలేదు.

వెళ్ళేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మెరక. హైదరాబాదు పీఠభూమిమీద, సాగరు కృష్ణ ఒడ్డున ఉన్నాయని భూగోళ పాఠంలో చదివినవాడినే. కాళ్ళకు ఆ పాఠం ఆ సాయంత్రం బోధపడింది. పొద్దు గ్రుంకినాక ముల్లు గ్రుచ్చుకొని వెనుక చక్రం గాలి పోయింది. దీపం నోట కరచుకొని, ట్యూబు మార్చి, పంపుతో హవా కొట్టి లేచేసరికి ముప్పై ఐదు నిమిషాలు. చేతులు వణకడంచేత మొదటి ట్యూబును టైరుకూ రిమ్ముకూ మధ్య నొక్కి నేనే పాడుచేసుకొన్నాను. అందులో ఇరవై నిమిషాలు పోయాయి. సైకిల్ దుకాణంలో పదేళ్ళ కుర్రవాడు ఐదు నిమిషాలలో చేసే పని అది. చదువుకొన్నవాని చేతులు ఎందుకు పనికివస్తాయో ఆ రోడ్డు ప్రక్కన నాకు స్పష్టమైంది.

200వ కిలోమీటరు మజిలీ నల్గొండ జిల్లాలోని ఒక పల్లె కూడలి. అక్కడ నిర్వాహకులెవ్వరూ ఉండరు. మూలన ఉన్న టీ కొట్టు యజమాని కార్డుమీద వేళ వేసి సంతకం చేయాలని ఏర్పాటు. మూసే వేళ ఏడు గంటల ఇరవై నిమిషాలు. నేను చేరేసరికి ఏడు గంటల ముప్పై రెండు.

కార్డు అందించాను. పెద్దాయన నా ముఖం చూచాడు, గోడగడియారం చూచాడు, కార్డుమీద అచ్చయిన మూసే వేళను వ్రేలుపెట్టి చదివాడు. పొద్దుటినుండి ఎంతోమందికి సంతకం పెట్టి ఆ లెక్క అతనికి బాగా తెలిసిపోయింది. టీ గ్లాసు నా చేతికిచ్చి నెమ్మదిగా అన్నాడు: "పన్నెండు నిమిషాలకేమైతది సారూ. ఏడుంబావు రాస్త. పొద్దుగాలసంది తొక్కుతున్నరు."

చుట్టుప్రక్కల ఎవరూ లేరు. ఆ మాటలో మోసం లేదు. అలసినవానిపట్ల ఉన్న దయ మాత్రమే ఉన్నది. ఏడుంబావు అని వేస్తే నా యాత్ర నిలుస్తుంది. ఇంకా నూరు కిలోమీటర్లు, ఆరున్నర గంటలు. నా కాళ్ళు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. పంక్చరు నా తప్పా అని మనస్సులో వాదించుకొన్నాను. టీ చల్లారిపోయేదాకా వాదించాను. ఆ వాదన మధ్యలో సాగరులోని చేపల పులుసు జ్ఞాపకం వచ్చింది. ఆ పూట ఇరవై నిమిషాలు ముందు లేచియుంటే, ముల్లు గ్రుచ్చుకొన్నా సరే, ఏడు గంటల పన్నెండు నిమిషాలకే ఇక్కడ ఉండేవాడిని.

"ఏడు ముప్పై రెండు రాయండి" అన్నాను. ఆయన నన్నొక వెర్రివానిని చూచినట్లు చూచి, అంకెలను మాత్రం చక్కగా వేశాడు. టీకి డబ్బు తీసుకొనలేదు. యాత్రనుండి విరమించుకొన్నానని నిర్వాహకునికి ఫోనులో తెలియజేశాను. అట్లు తెలపడం కూడా నియమమే, లేనియెడల చీకటిలో వారు మనకొరకు వెదకుతారు. కూరగాయల బుట్టలతో నగరానికి పోతున్న ఒక వ్యానులో సైకిలుతోసహా ఇల్లు చేరాను.

మరునాడు కాగితం ముందు పెట్టుకొని లెక్క చూచుకొన్నాను. మొత్తం గడచిన కాలం 13 గంటల 32 నిమిషాలు, అనగా 812 నిమిషాలు. అందులో ఉదయం పలహారానికి 40, భోజనానికి 55, పంక్చరుకు 35, దారిలో టీలకు 50 నిమిషాలు. ఇవి పోగా మరి 45 నిమిషాలు ఎక్కడ ఎలా ఖర్చయినాయో జమాఖర్చులలో దొరకలేదు. ఫోటోలు తీసుకొన్నాను, ఒక గేటు దగ్గర ఊరకే నిలబడ్డాను, సీసాలో నీళ్ళు పట్టుకొంటూ ఎవరితోనో మాట్లాడాను. ఆగినదంతా కలిపితే 225 నిమిషాలు. తొక్కినది 587 నిమిషాలు మాత్రమే. ఆ లెక్కన నా తొక్కే వేగం గంటకు 20 కిలోమీటర్లకు పైచిలుకు. నవంబరు యాత్రకంటె ఏమాత్రం తీసిపోలేదు. నేను నా కాళ్ళవల్ల ఓడిపోలేదు, కూర్చొనడంవల్ల ఓడిపోయాను.

ఫ్రాన్సుకు వెళ్ళిన మనవారి అనుభవం కూడా దీనిని బలపరుస్తుంది. 2019లోను 2023లోను భారతదేశంనుండి వందలాదిమంది పారిస్-బ్రెస్టు-పారిస్ యాత్రకు వెళ్ళారు. ఇంతమంది వెళ్ళడమే విశేషం. వెళ్ళినవారందరూ తమ దేశంలో 600 కిలోమీటర్లవరకు గడువులలో పూర్తిచేసి అర్హత పొందినవారే. అయినా 2019లో మనవారిలో ఎక్కువమందికి 90 గంటల గడువు అందలేదు. బ్రిటనీ ప్రాంతంలో పెద్ద పర్వతాలు లేవుగాని, దారి అలలవలె లేస్తూ పడుతూ పోతుంది. ఆ చిన్న చిన్న ఎక్కుళ్ళనన్నిటినీ కలిపితే పదకొండువేల మీటర్లు దాటుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లే కదా! ఆగస్టు నెల అయినా రాత్రులు వణికించే చలి. దానికి తోడు మజిలీలవద్ద భోజనానికి వరుసలు, స్నానానికి వరుసలు, నిద్రకు వరుసలు. వేలమంది ఒకేసారి వచ్చిపడే చోట్ల పది నిమిషాలనుకొన్నది ముప్పావుగంట అవుతుంది. అనుభవజ్ఞులు తిండి జేబులో పెట్టుకొని, ముద్ర వేయించుకొని వెంటనే బయటపడతారట.

కాని ఆ దేశపు పల్లెవాసులను గూర్చి విన్నది చెప్పకుండా ఈ ప్రసక్తి ముగించలేను. రాత్రి రెండు గంటలవేళ కూడా ఇంటిముందు బల్ల వేసుకొని, కాఫీ, నీళ్ళు, రొట్టెలు పెట్టుకొని కూర్చుంటారు. తరతరాలుగా ఇది వారికి పండుగ. ఒక గృహస్థు తన అట్లకు, కాఫీకి డబ్బు తీసుకొనక, మీ ఊరు చేరినాక ఒక పోస్టుకార్డు వ్రాయండి అని మాత్రం కోరేవాడట. దేశదేశాలనుండి వచ్చిన ఆ కార్డులను ఇంటివద్ద అంటించి ఉంచాడట. నల్గొండ జిల్లా టీ కొట్టు పెద్దాయన ఆయనకు బంధువేనని నా నమ్మకం.

మళ్ళీ వెనుక వరుస విద్యార్థి ప్రశ్నకు వస్తాను. మరి ఎందుకు? ఆరోగ్యానికి అని చెప్పవచ్చు. దానికి 300 కిలోమీటర్లు అక్కరలేదు. దేశం చూడడానికి అని చెప్పవచ్చు. బస్సులోనుండి ఇంతకంటె ఎక్కువ కనబడుతుంది. నాకు తోచినది ఇంతే. మనం చదువులో, ఉద్యోగంలో ఎప్పుడూ ప్రక్కవానితో పోల్చి కొలవబడుతూ ఉంటాము. ప్రక్కవాడు తగ్గితే మనం పెరిగినట్లు. ఈ యాత్రలో ప్రక్కవాని సంఖ్య మనకు లేదు. అతడు ముందు చేరినా వెనుక చేరినా మన కార్డులో ఒక్క అంకె మారదు. అందుచేతనే చీకటిలో పంక్చరు వేసుకొంటున్న నా దగ్గర, తమ గడువు దాటిపోతున్నా, ఇద్దరు అపరిచితులు ఆగి 'ట్యూబు కావాలా?' అని అడిగారు. రెండవ ట్యూబు వారిచ్చినదే. పందెంలో ఎవరు ఆగుతారు?

ఈ సంగతులన్నీ జనవరిలో అతనికి చెప్పాను. అతడు శ్రద్ధగా విని, తన పాత సైకిల్ మీద ఇట్టి యాత్ర చేయవచ్చునా అని అడిగాడు. గేర్లు ఉండాలని నియమమేమీ లేదు; మనిషి బలంతో నడిచేదైతే చాలు. ఇద్దరం కలసి కళాశాల సైకిల్ స్టాండుకు వెళ్ళాము. అక్కడ ఇప్పుడు నూటికి తొంభై మోటారు వాహనాలే. వాటి మధ్య ఇరుక్కొనియున్న అతని సైకిలును బయటకు లాగడానికే కొంత శ్రమపడవలసి వచ్చింది. నాలుగు సైకిళ్ళకు విడిగా చోటు చూపించే విషయం కమిటీవారు ఆలోచించగలరని ఆశిస్తున్నాను. బ్రేకు కట్టెలు అరిగిపోయాయి, చైను సాగింది, వెనుక చక్రం వంకర తిరుగుతున్నది. మొత్తం బాగుచేయించడానికి తొమ్మిదివందలు అయింది. దీపాలు నావి ఇస్తానన్నాను. సీటు రెండంగుళాలు ఎత్తి తొక్కమంటే, స్టాండు చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి, నేల అందడంలేదు సార్ అన్నాడు. అలవాటవుతుందన్నాను.

వచ్చే నవంబరులో అతడు 200కు వస్తున్నాడు. డిసెంబరులో నేను మళ్ళీ 300కు పేరు ఇస్తాను. దారి అదే అయితే సాగరులో భోజనానికి ఇరవై నిమిషాలు మాత్రమే అని కాగితంమీద వ్రాసి, పాత కార్డుతోపాటు బల్లసొరుగులో పెట్టుకొన్నాను. ఆ కార్డులో ఏడు ముప్పై రెండు అన్న అంకెల తరువాత రెండు గడులు ఖాళీగా ఉన్నాయి.